మంచాన ఉన్న మనిషిని ఇంట్లో చూసుకునేవాళ్లకు: మహమ్మారి రోజుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

తెలంగాణలోని నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల్లో జీతం లేకుండా ఇంటి మనిషిని చూసుకునేవాళ్ల కోసం, వాళ్ల చుట్టాల కోసం, ఇరుగుపొరుగు కోసం ఇది రాశాం. 2020, 2021 కొవిడ్ రోజుల్లో జనానికి ఎదురైన ప్రశ్నలే ఇందులో ఎక్కువ. రేపు ఇంకో అంటురోగం వచ్చినా చాలా భాగం పనికొస్తుంది. మందుల విషయంలో మాత్రం మీ డాక్టరు చెప్పిందే వినండి.

మా అత్తమ్మ పక్షవాతంతో మంచాన పడింది. కోడలిగా నా పని నేను చేసుకుంటున్నా. నాకు సాయం అడిగే హక్కు ఏముంటుంది?

ఉంటుంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 సంరక్షకులు ఎవరో చెబుతూ తల్లిదండ్రులను, కుటుంబ సభ్యులను కూడా లెక్కలో వేసింది. డబ్బు తీసుకుని చేసినా తీసుకోకుండా చేసినా సంరక్షకులేనని అందులో స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి ఆశా కార్యకర్త దగ్గరో పంచాయతీ దగ్గరో అడిగేటప్పుడు "మా ఇంటి విషయం, ఎందుకులే" అని వెనక్కి తగ్గకండి.

2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా తిరిగి ఎవరు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేసింది. ఇంట్లోవాళ్లను చూసుకునే పని చేసేవాళ్లలో ఆడవాళ్లు సగటున రోజుకు 134 నిమిషాలు పెడితే, మగవాళ్లు 76 నిమిషాలు పెట్టారు. వంట, బట్టలు, ఊడ్పు వంటి ఇంటి పనికి ఆడవాళ్లది 299 నిమిషాలు, మగవాళ్లది 97. ఇవి మహమ్మారికి ముందు లెక్కలు, అదీ సగటు లెక్కలు. రాత్రి నాలుగుసార్లు లేచి పక్క మార్చే ఇంట్లో అవి ఎంత తక్కువో మీకు చెప్పనక్కరలేదు.

మామూలు రోజుల్లోనూ చేస్తున్న పనే కదా. మహమ్మారిలో కొత్తగా ఏం మారుతుంది?

మీ వెనక ఉండే చిన్న చిన్న ఆసరాలన్నీ ఒకేసారి పోతాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలవగానే బస్సులు ఆగాయి, చాలా చోట్ల ఓపీలు మూతపడ్డాయి, ఫిజియోథెరపీకి వచ్చే అబ్బాయి రాలేదు, మధ్యాహ్నం కాసేపు కూర్చునే పక్కింటి పెద్దమ్మ గడప తొక్కలేదు. బడులు మూసేశారు కాబట్టి పిల్లలూ ఇంట్లోనే. పాలమూరు ఊళ్లలో ముంబై, పూణె పోయిన వలస కూలీలు తిరిగొచ్చారు. ఇంట్లో తినే నోళ్లు పెరిగాయి, వచ్చే పైసలు ఆగాయి. ఇవన్నీ కలిసి ఒక్క మనిషి మీదే పడతాయి. ఆ మనిషికే జ్వరం వస్తే మంచాన ఉన్నవాళ్లకు నీళ్లిచ్చేవాళ్లు కూడా ఉండరు.

సరే, అన్నిటికన్నా ముందు ఏం చేయాలి?

రెండో మనిషిని తయారు చేయాలి. శానిటైజర్, ఆక్సీమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసేది), ఆవిరి మెషీన్ అన్నీ దీని తర్వాతే.

రెండో మనిషి అంటే మీకు జ్వరం వచ్చిన రోజు మీ చోట నిలబడి పది పదిహేను రోజులు నడిపించగలిగేవాళ్లు. వాళ్లకు మీ ఇంటి పని తెలియదు. అది మీ తలలో ఉంది, కాగితం మీద లేదు. అందుకే ఒక కాగితం రాయండి. చదువు రాకపోతే బడికి పోయే పిల్లలతో రాయించండి. మనిషి పేరు, వయసు, ఉన్న జబ్బులు, పడని మందులు, రక్తం గ్రూపు తెలిస్తే అది. మాత్రల పేర్లు చీటీలో ఉన్నట్టే రాసి, ఏది పొద్దున, ఏది రాత్రి, ఏది తిన్నాక, ఏది సగం అని పక్కన రాయాలి. ఖాళీ అయిన మాత్రల అట్ట ఒక్కోటి అంటిస్తే ఇంకా మంచిది.

తర్వాత డాక్టరు చీటీలో ఉండని సంగతులు. అన్నం మెత్తగా పిసికి పెట్టాలా, జావే పోతుందా? కూర్చోబెట్టి తాగించకపోతే పొరబోతుందా? ముక్కు గొట్టం, మూత్రం గొట్టం ఉంటే చివరిసారి ఎప్పుడు మార్చారు? డైపర్ సైజు ఎంత? ఏ వైపు పడుకోబెడితే నొప్పి? కోపం వస్తే ఏ మాటకు శాంతిస్తారు? రాత్రి లైటు కావాలా? వినడానికి చిల్లరగా ఉంటాయి గానీ, కొత్తగా వచ్చినవాళ్లు తంటాలు పడేది వీటి దగ్గరే.

కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మంచం తలవైపు గోడకు వేలాడదీయండి. ఆధార్, సదరం (వికలాంగ) సర్టిఫికెట్, ఆరోగ్యశ్రీకి కావాల్సిన రేషన్ కార్డు జిరాక్సులు కూడా అందులోనే పెట్టండి. అన్నిటి ఫోటో తీసి ఇద్దరికి వాట్సాప్‌లో పంపండి. మీ ఫోన్ పోయినా పని ఆగదు.

మా పిల్లలు ఒకరు పూణెలో, ఒకరు హైదరాబాద్‌లో. ఊళ్లో ఉన్నది నేనూ ఆయనే. రెండో మనిషి ఎక్కడ దొరుకుతారు?

చుట్టాల్లో వెతకడం మానేసి ముందు నడిచి రాగలిగినంత దూరంలో చూడండి. లాక్‌డౌన్‌లో ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న చెల్లెలికంటే వీధి చివర ఉన్న యారాలే అక్కరకు వస్తుంది, ఆమెతో మాటలు లేకపోయినా సరే. మహిళా సంఘం లెక్కలు చూసే వీవోఏకు ఊళ్లో ఎవరి ఇంట్లో ఎవరున్నారో తెలుసు, ఆమెను అడగండి. మీలాగే మంచాన మనిషి ఉన్న ఇల్లు ఇంకోటి ఉంటే ఇంకా బాగు. "నీకొస్తే నేను, నాకొస్తే నువ్వు" అని ముందే ఒప్పందం చేసుకోవచ్చు. ఆ ఇంటివాళ్లకు ఎత్తడం, తుడవడం, పక్క మార్చడం నేర్పక్కరలేదు.

డెబ్బై దాటినవాళ్లను, గర్భిణిని, షుగరు అదుపులో లేనివాళ్లను మాత్రం పెట్టకండి. దొరికినవాళ్లను జ్వరం రాకముందే ఒక పూట పిలిచి, మీరు పక్కన ఉండగానే అన్నీ వాళ్లతోనే చేయించండి. ఒకసారి చేయనిదే ధైర్యం రాదు.

నాకే జ్వరం వచ్చింది. ఇల్లు ఒక్క గది రేకుల ఇల్లు. వేరే గదిలో ఉండమంటే ఎక్కడికి పోవాలి?

ఈ ప్రశ్నకు సర్కారు కాగితాల్లో జవాబు దొరకదు. వాటిని మూడు గదుల ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాస్తారు. ఒక్క గదిలో చేయగలిగింది ఇది.

రెండో మనిషి ఉంటే పని వాళ్లకు అప్పగించి మీరు వాకిట్లోనో వసారాలోనో పడుకోండి. పట్టపగలు రేకుల కింద ఉండటం కంటే చెట్టు నీడే నయం. రెండో మనిషి లేకపోతే మీ ముక్కు, నోరు మూసే మాస్కు వేసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. మంచాన ఉన్నవాళ్లకు వేయకపోయినా పర్వాలేదు. మాస్కును తమంతట తాము తీసేసుకోలేనివాళ్లకు అసలు వేయకూడదు, ఊపిరాడదు. రెండు మంచాలు ఎదురెదురు గోడలకు జరపండి. తలుపు, కిటికీ తెరిచి గాలి ఆడనివ్వండి. తినిపించేటప్పుడు, ఎత్తేటప్పుడు మొహంలో మొహం పెట్టకుండా పక్క నుంచో తలవైపు నుంచో చేయండి. ముట్టుకునే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడగండి. అన్ని పనులూ కలిపి రెండు మూడు విడతల్లో ముగించండి. పక్క మార్చడం మాత్రం ఆపకూడదు. కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి తిప్పకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి, అవి మానడానికి నెలలు పడుతుంది.

మీకు జ్వరం వచ్చిన రోజే ఇద్దరికీ పరీక్ష అడగండి. 2021 మేలో ఇంటింటి జ్వర సర్వే జరిగినప్పుడు ఆశా కార్యకర్తలు మందుల కిట్లు ఇంటికే తెచ్చి ఇచ్చారు. అలాంటిది జరుగుతుంటే మీ ఇంట్లో మంచాన మనిషి ఉన్నారని సర్వేవాళ్లకు గట్టిగా చెప్పండి, రాసుకోమనండి.

మా నాయనకు మాట రాదు. ఒంట్లో బాగోలేదని ఎలా తెలుస్తుంది?

ముసలివాళ్లలో జ్వరం రాకుండానే రోగం ముదరవచ్చు. రోజూ తినేదాంట్లో సగం వదిలేయడం, పగలంతా మత్తుగా నిద్రపోవడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, మూత్రం తగ్గడం కనిపిస్తే అనుమానించండి. పడుకున్నప్పుడు పొట్ట పైకి కిందికి పోవడం ఒక నిమిషం పాటు లెక్కపెట్టండి. 24 దాటితే డాక్టరుకు చెప్పాలి, 30 దాటితే బండి పిలవాలి. ఆక్సీమీటర్ 94 కన్నా తక్కువ చూపిస్తే డాక్టరు, 90 కన్నా తక్కువైతే వెంటనే 108. వేళ్లు చల్లగా ఉన్నా గోళ్లరంగు ఉన్నా అది తప్పు చూపిస్తుంది. అరచేతులు రుద్ది వెచ్చబడ్డాక మళ్లీ చూడండి. దమ్ము, సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకు మామూలు రోజుల్లోనే అంకె తక్కువ ఉండొచ్చు. వాళ్ల మామూలు అంకె ఎంతో ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

మాది మర్రిగూడ వైపు. మా తమ్ముడికి ఫ్లోరైడ్ వల్ల కాళ్లూ నడుమూ వంగిపోయాయి. వాడికి వేరే జాగ్రత్తలున్నాయా?

ఉన్నాయి, వీటి గురించి ఎవరూ రాయరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు వెన్ను బిగుసుకుని ఉంటుంది, ఛాతీ పూర్తిగా విచ్చుకోదు. అంటే ఊపిరితిత్తుల జబ్బును తట్టుకునే శక్తి ముందే తక్కువ. కొవిడ్‌లో ఆక్సిజన్ పెరగడానికి బోర్లా పడుకోబెట్టారు కదా, వంగి బిగిసిన వెన్నుతో అది కుదరదు. బలవంతంగా తిప్పితే ఎముక విరగొచ్చు. ఆసుపత్రి సిబ్బందికి ఇది మీరే చెప్పాలి. జిల్లా బయట నుంచి వచ్చిన జూనియర్ డాక్టరు ఇలాంటి మనిషిని ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. "ఇలా పక్కకు పడుకుంటాడు, ఇక్కడ దిండు పెట్టాలి" అని ఫోటో తీసి కాగితానికి జత చేయండి.

ఇంకోటి నీళ్లు. మిషన్ భగీరథ సరఫరా ఆగిందని మళ్లీ బోరు నీళ్లకు పోవద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. అటువంటప్పుడు ట్యాంకర్ అడగండి, లేదా ప్లాంటు నీళ్లు తాగడానికీ వంటకూ దాచుకోండి.

ఈ ఊళ్లలో చూసుకునేది ఎక్కువగా తల్లులే, వాళ్లకూ వయసు మీద పడింది. నలభై ఏళ్ల కొడుకును ఎత్తే అరవై ఐదేళ్ల తల్లికి రెండో మనిషి అవసరం మహమ్మారి లేకపోయినా ఉంది.

ఆసుపత్రిలో చేర్చుకుంటాం గానీ అటెండెంట్ లోపలికి రావద్దంటే?

కొవిడ్ వార్డుల్లో చాలా చోట్ల అలాగే జరిగింది. తనంతట తాను తినలేని, మాట్లాడలేని మనిషి విషయంలో మీరు పట్టుబట్టాలి. గొడవ పడకుండా డ్యూటీ డాక్టరుతో "ఈయనకు వికలాంగ సర్టిఫికెట్ ఉంది, సంరక్షకురాలిని నేను, పీపీఈ (రోగం అంటకుండా వేసుకునే సూటు) వేసుకుని ఉంటాను" అని చెప్పి, వినకపోతే అదే మాట సూపరింటెండెంట్‌కు రాసి ఇవ్వండి. ప్రమాద, విపత్తు సమయాల్లో వికలాంగులకు సమాన రక్షణ ఉండాలని 2016 చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. అయినా కుదరకపోతే గోడకు తగిలించిన ఆ కాగితం, ఛార్జర్‌తో సహా ఒక బటన్ ఫోన్, రోజుకోసారి మాట్లాడే నర్సు పేరు, ఈ మూడూ ఉండేలా చూసుకోండి.

గద్వాల నుంచి కర్నూలుకు, నారాయణపేట నుంచి రాయచూరుకు పోతుంటాం. సరిహద్దు మూస్తే?

అలంపూర్ మనిషికి కర్నూలు పెద్దాసుపత్రి హైదరాబాద్ కన్నా చాలా దగ్గర. రాష్ట్రాలు వేరైనా రోగాలకు ఆ సంగతి తెలియదు. 2021 మేలో పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఆంధ్ర నుంచి హైదరాబాద్‌కు వచ్చే అంబులెన్సులను ఆపారు. ముందస్తు అనుమతి ఉండాలన్న ఆ ఉత్తర్వుపై మే 14న హైకోర్టు స్టే ఇచ్చింది. అంబులెన్సును ఆపడం తప్పని మా అభిప్రాయం. అయితే కోర్టు తీర్పు వచ్చేదాకా రోగి ఆగలేడు. బయలుదేరే ముందు అక్కడి ఆసుపత్రి నుంచి "బెడ్ ఉంది, రండి" అన్న మెసేజైనా ఫోన్‌లో పెట్టుకోండి. డయాలసిస్ వాళ్లయితే కార్డు, తారీఖుల షెడ్యూలు జేబులోనే ఉండాలి. చూసుకునేవాళ్లు ఒక్కరే రోడ్డెక్కాల్సి వస్తే పీహెచ్‌సీ డాక్టరు దగ్గర ఒక చీటీ రాయించుకోండి.

మందులు అయిపోతే?

నెల రోజులవి ఎప్పుడూ చేతిలో ఉండాలి. ఫిట్స్ మాత్రలు, మానసిక జబ్బుల మాత్రలు ఒక్క రోజు కూడా ఆపకూడదు. బీపీ, షుగరువి సబ్ సెంటర్‌లో ఏఎన్‌ఎంను అడగండి. ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడటానికి ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్‌ను కవర్‌లో కట్టి నీళ్ల కుండ లోపల పైభాగంలో ఉంచవచ్చు, ఎండ తగలకూడదు.

చూసుకునేవాళ్లకు ప్రభుత్వం డబ్బులేమైనా ఇస్తుందా?

ఆసరా పింఛను మంచాన ఉన్నవాళ్లకు వస్తుంది. వికలాంగులకు 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు, వృద్ధులకు 2,016. చూసుకునేవాళ్ల పేరు మీద వచ్చేది కాదు ఇది. ఎక్కువ ఆసరా కావాల్సిన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇవ్వాలని 2016 చట్టం 24వ సెక్షన్‌లో ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద మంచాన ఉన్నవాళ్లను చూసుకునేవాళ్లకు నెలకు 600 రూపాయలు పెట్టారు. చిన్న మొత్తమే, కానీ పనిని పనిగా ఒప్పుకున్నారు. మన ఎమ్మెల్యేలను అడగాల్సిన ప్రశ్న ఇది, ఎన్నికలప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అడుగుతాం?

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. పింఛను తీసుకోవడానికి మనిషి కదలలేకపోతే ఇంటికి వచ్చి ఇవ్వమని పంచాయతీ కార్యదర్శి ద్వారా అడగండి.

టీకా సంగతి?

మంచాన ఉన్నవాళ్లకూ మీకూ ఒకేసారి వేయించుకోండి. 2021లో ముందు అరవై దాటినవాళ్లకు, తర్వాత నలభై ఐదు దాటినవాళ్లకు ఇచ్చారు. ముప్పై ఏళ్ల కోడలి వంతు మే నెల దాకా రాలేదు. మే నెలాఖరు నుంచి మన రాష్ట్రంలో ఆటో డ్రైవర్లకు, కూరగాయలు అమ్మేవాళ్లకు ప్రత్యేకంగా వేశారు, మంచి పనే. ఇంట్లో చూసుకునేవాళ్లు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. బ్రిటన్‌లో జీతం లేని సంరక్షకులను టీకా వరుసలో 6వ వర్గంగా పెట్టారు. కదలలేనివాళ్లకు ఇంటి దగ్గరే టీకా వేయవచ్చని కేంద్రం చెప్పింది 2021 సెప్టెంబరులో, రెండో వేవ్ అయిపోయాక. ఈసారి ఆ జాబితా ముందే ఉండాలి. జిల్లాలోని వికలాంగుల వివరాలు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర ఉండాలని చట్టంలో ఉంది. మీ ఇంటి పేరు అందులో ఉందేమో ప్రజావాణిలో అర్జీ పెట్టి కనుక్కోండి.

మా ఆయన ముంబై నుంచి వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. ఆయనకు ఏ పని చెప్పాలి?

బరువు పని. మామగారికి స్నానం, గడ్డం, రాత్రి పన్నెండు తర్వాత పక్క మార్చడం. "నాకు రాదు" అంటే పదంతస్తుల పరంజా ఎక్కి సెంట్రింగ్ కొట్టడం పుట్టుకతో వచ్చిందా అని అడగండి.

పదో తరగతి చదివే మా మనవరాలే నన్ను చూసుకుంటోంది. పర్వాలేదా?

మీ బాధ అర్థమవుతుంది, కానీ పర్వాలేదని చెప్పలేం. 2020 సెప్టెంబరు 1 నుంచి పాఠాలు టీవీలోనే వచ్చినప్పుడు, ఇంటి పని మీద పడ్డ ఆడపిల్లలకు టీవీ ముందు కూర్చునే తీరిక లేకపోయింది. పాఠం జరిగే గంటలు పక్కింటివాళ్లను ఉండమనండి. పాపకు బడి మానిపించే ఆలోచన వస్తే ముందు ఆమె టీచరుతో మాట్లాడండి.

ఒక్కోసారి కోపం ఆగడం లేదు. మొన్న గట్టిగా విదిలించేశాను. తర్వాత ఏడ్చాను.

నిద్ర లేని మనిషికి ఇలా జరుగుతుంది. చేయి లేస్తున్నట్టు అనిపించిన క్షణంలో మంచాన ఉన్న మనిషిని పడిపోకుండా పక్కకు పడుకోబెట్టి వాకిట్లోకి వచ్చేయండి. పది నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు. ఇది మళ్లీ మళ్లీ జరుగుతుంటే, లేదా "ఇద్దరం పోతే బాగుండు" అన్న ఆలోచన వస్తుంటే అదే రోజు 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, పైసలు అక్కర్లేదు. దేవుడు పెట్టిన పరీక్ష అని ఓర్చుకోమనే చుట్టాలుంటారు. వాళ్లను ఒక రాత్రి వచ్చి పడుకోమని అడగండి.

ఆ ఒక్క రాత్రి నిద్ర ఏ మందూ ఇవ్వనంత ఊరట. వారానికి ఒక రాత్రి రెండో మనిషి ఉంటే చాలామంది నిలదొక్కుకుంటారు. క్యాన్సర్, ఆఖరి దశ రోగులున్న ఇళ్లవాళ్లు జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సేవ) గురించి అడగండి. ఆలన పేరుతో నడిచే కేంద్రాల సిబ్బంది ఇళ్లకు కూడా వస్తారు.

మేం అమెరికాలో ఉంటాం. నెలనెలా డబ్బు పంపుతున్నాం. ఇంకేం చేయగలం?

ఫోన్ చేసినప్పుడు అమ్మతో మాట్లాడాక ఫోన్ వదినకు ఇవ్వమనండి. ఆమె ఎలా ఉందో అడగండి. "అమ్మ చిక్కిపోయిందేంటి" అన్న మాటతో మొదలుపెట్టకండి. మీకు వీలైన టైముకు కాకుండా వాళ్లకు తీరికైన టైముకు వీడియో కాల్ చేయండి. కషాయాల ఫార్వర్డులు ఆపండి. డబ్బును ఒక పనికి కట్టండి: రాత్రి మనిషి జీతం, గాలి పరుపు, వాషింగ్ మెషీన్. వాషింగ్ మెషీన్ విలాసమనుకునేవాళ్లు ఒక వారం ఆ దుప్పట్లు ఉతికి చూడాలి.

ఊళ్లో పక్కింటివాళ్లం. అంటుకుంటుందని భయం, సాయం చేయాలని ఉంది.

భయం ఉండటం తప్పేం కాదు. లోపలికి పోకుండానే చేయగలిగే పనులు చాలా ఉన్నాయి. "ఏమన్నా కావాలంటే చెప్పు" అంటే ఎవరూ అడగరు. "రేపు మధ్యాహ్నం అన్నం గడప దగ్గర పెడతా", "మీ రేషన్ బియ్యం నేను తెస్తా", "మీ బర్రెను ఈ వారం నేను పిండుతా" అనండి. ఆ ఇంటివాళ్లను బావి దగ్గరికి రానివ్వకుండా, పాలు పోయకుండా వెలివేసినట్టు చూస్తుంటే సర్పంచ్ ఊరుకోకూడదు. దండోరా వేయించైనా ఆపాలి.

మాది అమ్రాబాద్ అడవిలో చెంచు పెంట (గూడెం). సిగ్నల్ ఉండదు, ఈ నంబర్లు మాకేం పనికొస్తాయి?

ఫోన్ మీద ఆధారపడకండి. ఆరోగ్య సిబ్బంది ఏ రోజు వస్తారో అడిగి, మంచాన ఉన్నవాళ్ల పేర్లు వాళ్ల పుస్తకంలో రాయించండి. మన్ననూరు ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి ఆఫీసు) కూడా చెప్పి ఉంచండి. కబురు మోసే పడుచువాళ్లు ఇద్దరిని, బండి దొరికే దగ్గరి చోటును ముందే అనుకోండి. వానాకాలంలో వాగు పొంగే పెంటలవాళ్లు నెల మందులకు బదులు రెండు నెలలవి అడగాలి.

గోడ మీద ఏ నంబర్లు రాసుకోవాలి?

అంబులెన్సుకు 108. మనసు బాగోలేనప్పుడు 14416. వృద్ధుల సమస్యలకు, వాళ్లను ఎవరైనా హింసిస్తున్నా వదిలేసినా 14567. పిల్లలకు 1098. పోలీసులకు 100 లేదా 112. వీటి పైన, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో, మీ రెండో మనిషి నంబరు.